దూదిపింజ మబ్బుల్లో ‘పింజ’ అంటే ఏంది?

#1 గుత్తికోట_శారద
పాప 5వ తరగతి. ఆకాశం మీద పది వాక్యాలు రాసుకురమ్మన్నారు. మొదటి వాక్యం నేనే చెప్పా: ‘ఆకాశంలో దూదిపింజల్లాంటి తెల్లని మబ్బులు తేలుతున్నాయి.’ రాసింది. పెన్సిలు కొన నోట్లో పెట్టుకొని ‘అమ్మా, పింజ అంటే?’ అని అడిగింది. దూది ముక్క అన్నా. ‘మరి దూది ముక్క అని రాయొచ్చు కదా’ అంది. నా దగ్గర జవాబు లేదు.
వరండాలో కూర్చున్న మా మామ అక్కడి నుంచే అందుకున్నాడు. ‘పింజ అంటే పిందె. మామిడి పింజ, వంకాయ పింజ అనమా? అది ఇంకా ముదరని మబ్బు. అందుకే వాన కురవదు.’ మా ఆయన ‘నాకు తెలిసి అది తిట్టు’ అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు.
ముగ్గురిలో ఎవరు రైటు? రేపు 8 గంటలకు స్కూలు బస్సు. త్వరగా చెప్పండి.

#2 రాగిసంగటి
మీ మామగారికే నా ఓటు. మా కదిరి పక్క పింజ అంటే కాయకు ముందుదే. దోస పింజ, బీర పింజ. దూదికి పింజ అనడం కథల పుస్తకాల్లో చదవడమే, ఇంట్లో ఎవరూ అనంగా వినలేదు.

#3 ఆదోని_పత్తి
కథల పుస్తకాల్లోనా! అన్నా, ఒకసారి సీజన్లో మా ఆదోని యార్డుకు రా. పొద్దున నుంచి మాపటి దాకా అక్కడ వినపడే మాట అదొక్కటే.
గింజతో ఉంటే పత్తి. గింజ తీసేస్తే దూది. దాన్ని వేళ్ళతో విడదీస్తే పొరలాగా ఊడివచ్చే తునక పింజ. కొనేవాడు కుప్ప పైపైన చూసి రేటు చెప్పడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి ఒక పింజ లాగుతాడు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకొని మెల్లగా సాగదీస్తాడు. పోగులు విడిపోయే దాకా లాగి, మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్ళీ లాగుతాడు. చివరికి వేళ్ళ మధ్య సన్నగా మిగిలిన పోగుల పొడవు చూసి ముఖం ఒక రకంగా పెడతాడు. ఆ ముఖం చూస్తేనే రైతుకు రేటు అర్థమైపోతుంది.
మద్దతు ధర ప్రకటించేటప్పుడు పేపర్లో ‘పొడవు పింజ’, ‘మధ్యస్థ పింజ’ అని రాస్తారు, ఎప్పుడూ చూడలేదా? 2024-25లో మధ్యస్థ పింజకు క్వింటాలు 7,121 రూపాయలు, పొడవు పింజకు 7,521. పింజ అనే మాటకు 400 రూపాయల తేడా ఉంది తల్లీ, పాపకు అది చెప్పు.

#4 మూడోబెంచీ
పాప హోంవర్కు: ‘ఆకాశంలో క్వింటాలు 7,521 రూపాయల మబ్బులు తేలుతున్నాయి.’

#5 గుత్తికోట_శారద
@ఆదోని_పత్తి థ్యాంక్సన్నా, అయితే నేను చెప్పిందే దగ్గర. మామకు చదివి వినిపించా. ‘ఆదోనోళ్ళకు పత్తి తప్ప ఏం కనపడుతుంది’ అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు.

#6 సైన్సుమాస్టారు
నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, భాష నా సబ్జెక్టు కాదు. అయినా ఈ మబ్బుకు సైన్సులో పెట్టిన పేరు కథ బాగుంటుంది, చెబుతా.
1802 దాకా మబ్బు రకాలకు అందరూ ఒప్పుకున్న పేర్లు లేవు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఏదో ఒకటి అనుకునేవాళ్ళు. ఆ ఏడాది లండన్లో ల్యూక్ హోవార్డ్ అనే మందుల తయారీదారు ఒక చిన్న మిత్రబృందం ముందు ఉపన్యాసం ఇచ్చి లాటిన్ పేర్లు పెట్టాడు. కుప్పలాగా ఉండేది క్యుములస్. పొరలాగా పరుచుకునేది స్ట్రాటస్. వెంట్రుకల ముంగురుల్లాంటిది సిర్రస్. వాన కురిసేది నింబస్. క్యుములస్ అంటే లాటిన్లో కుప్ప అనే అర్థం. మన కళ్ళంలో బుడ్డల (వేరుశనగ) కుప్ప, పత్తి కుప్ప అంటామే, అదే. టీవీలో పిడుగుల వార్త వచ్చినప్పుడల్లా ‘క్యుములోనింబస్ మేఘాలు’ అంటారు కదా, అది కుప్ప, వాన రెండూ కలిపిన పేరు.
హిందీ పాఠ్యపుస్తకాల్లో క్యుములస్‌కు ‘కపాసీ’ అని పెట్టారు. కపాస్ అంటే పత్తి. అంటే లండన్ ఆయనకు కుప్ప కనపడింది, హిందీ వాళ్ళకు పత్తి కనపడింది, మనకు దూదిపింజ కనపడింది.

#7 ఆదోని_పత్తి
చూసినావా రాగిసంగటీ. హిందీ వాళ్ళు కూడా పత్తే అంటున్నారు. పిందె అనలేదు.

#8 రాగిసంగటి
హిందీ వాళ్ళకు మా కదిరి దోస పింజ సంగతి ఏం తెలుసు.

#9 బుడ్డలచేను
మీరంతా మాటకు అర్థం వెతుకుతున్నారు. మాకు ఆ మబ్బంటేనే కోపం.
కళ్యాణదుర్గం పక్క 6 ఎకరాలు బుడ్డలు వేస్తాం. జూన్, జూలై వస్తే పడమటి గాలి మొదలవుతుంది. పడమర నుంచి తెల్లగా, గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నీడ చేను మీద ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు జారుతుంది. ఆ నీడ నెత్తి మీద పడిన నిమిషం చల్లగా ఉంటుంది, ‘ఇదేనేమో’ అనుకుంటాం. నీడ పోతుంది, ఎండ వస్తుంది. రోజంతా ఇదే. వానంతా పడమటి కనుమలకు అవతలే దించేసుకొని ఖాళీ సంచులు మా మీదుగా తూర్పుకు పోతున్నట్టు ఉంటుంది. ఏడాదికి మొత్తం మా జిల్లాలో 550 మిల్లీమీటర్ల దరిదాపు పడితే మంచి ఏడాది అనుకుంటాం, అందులో సగం సెప్టెంబరు, అక్టోబరుకు మిగిలిపోతుంది. అప్పటికి చేను ఎండి ఉంటుంది.
ఆ గాలితో బాగుపడింది రామగిరి గాలిమరలే.
దూదిపింజ అని ముద్దుపేరు పెట్టింది పొలం లేనోడై ఉండాలి.

#10 పెన్నాగట్టు
@బుడ్డలచేను నిజం. మా నాయన వాటిని లెక్కలోకే తీసుకోడు. ‘ఆకాశంలో ఏముంది?’ అంటే ‘ఏం లేదు, మబ్బులుండాయి’ అంటాడు. ‘మోడం’ పడితేనే ఆయన లేచి చూస్తాడు.

#11 మూడోబెంచీ
హైదరాబాదు నుంచి వచ్చిన మా రూమ్మేట్ కడపలో మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ ‘మోడం పట్టిందిరా, తొందరగా బయలుదేరండి’ అంది. వాడు పోయి వైఫై డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేశాడు.

#12 తుంగభద్రమ్మ
😂😂 నవ్వలేక చస్తున్నా

#13 పాతనిఘంటువు
మూడోబెంచీ జోకు వేశాడు కానీ ఆ మాట మంచిది. మోడం అంటే ఆకాశమంతా కమ్ముకొని ఎండ లేకుండా ఉండటం. కన్నడంలో ‘మోడ’ అంటే మబ్బే. మన సీమకు ఆ పక్క బళ్ళారి ఉంది కాబట్టి మాటలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ముంగారి, హింగారి పంటలు అంటామే, అవీ అంతే. ముందు కారు, వెనక కారు. కారు అంటే నలుపు, కారు అంటే వానకాలం కూడా. కారుమబ్బు అన్నప్పుడు ఆ రెండు అర్థాలూ పలుకుతాయి.
తెలంగాణలో మొగులు, కావ్యాల్లో మొయిలు, తమిళంలో ముగిల్, కన్నడంలో ముగిలు. నాలుగూ ఒకే ఇంటి పిల్లలు. కన్నడంలో ముగిలు అంటే మబ్బు, ఆకాశం రెండూ. ఇంగ్లీషులోనూ ఇలాంటి తకరారే ఉంది. స్కై అనే మాట పాత నార్స్ భాషలో మబ్బు. క్లౌడ్ అనే మాటకు పాత ఇంగ్లీషులో రాతిగుట్ట అని అర్థం. ఆకాశంలో గుట్టల్లా కనపడ్డాయని ఆ పేరు వచ్చింది.
ఇక మబ్బు. మా అవ్వ ‘మబ్బుతోనే లేచి కళ్ళాపి చల్లాలి’ అంటుంది. అక్కడ మబ్బు అంటే తెల్లవారుజాము చీకటి. కన్నడంలో మబ్బు అంటే మసక. తమిళంలో మప్పు అంటే మోడం, మందు మత్తు కూడా. అంటే మబ్బు మొదట తెల్లది కాదు, వెలుగును మూసేది. మరి తెల్లగా మెరిసే దాన్ని కూడా మబ్బు అనాలంటే ముందు ఏదో ఒక మాట తగిలించాలి. అందుకే దూదిపింజ వచ్చి చేరింది. ఇది నా ఊహ, నిఘంటువుల్లో ఉన్నది కాదు.

#14 గండికోట_గాలి
మేఘం సంగతి చెప్పలేదే? సంస్కృతం ఎం.ఏ. చదివినప్పుడు మా సారు చెప్పి క్లాసంతా నవ్వించాడు. మేఘ శబ్దం ‘మిహ్’ ధాతువు నుంచి. తడపడం, చిలకరించడం అని అర్థం. అదే ధాతువు నుంచి మేహం వచ్చింది. మధుమేహం అంటామే, ఆ మేహం. అంటే షుగరు జబ్బూ మేఘమూ చుట్టాలు.

#15 మూడోబెంచీ
మా నాయనకు 240 ఉంది. వాన ఎప్పుడు పడుతుందో ఆయన్ని అడుగుతా.

#16 గండికోట_గాలి
ఇంకోటి. అమరకోశంలో మేఘానికి ఉన్న పేర్లలో ‘ముదిర’ ఒకటి. శారదగారి మామగారు ముదరని మబ్బు అన్నారు చూడండి. సంస్కృతం తెలిసినవాళ్ళకు అది ‘మబ్బు కాని మబ్బు’ అని వినపడుతుంది. ఆ జాబితాలోనే ‘ధూమయోని’ కూడా ఉంది, పొగ నుంచి పుట్టినది అని. జలదం అంటే నీళ్ళిచ్చేది, మేఘం. జలధి అంటే సముద్రం. ఇంటర్లో జలదం, జలధి, జలజం కలిపేసి 3 మార్కులు పోగొట్టుకున్నా. ఇప్పటికీ బాధే.

#17 కడపకారం
అన్నీ చెప్పారు, పింజ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. పైగా శారదగారి ఆయన అన్న తిట్టు సంగతి అందరూ తప్పించుకుంటున్నారు. పింజారీ అనే తిట్టు దీని నుంచి వచ్చిందే కదా? పింజ లాగా బరువు లేనివాడు, పనికిరానివాడు అని?

#18 దూదేకులమనవడు
నేను చాలాసేపటి నుంచి చదువుతున్నాను. రాయకూడదనుకున్నా, కడపకారం పోస్టు చూశాక రాస్తున్నా.
పింజారి తిట్టు కాదు, పని పేరు. పింజలు చేసేవాడు పింజారి. తెలుగులో దూదేకుల. దూదిని ఏకేవాళ్ళు. మా తాత ఆ పనే చేశాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వీధుల్లో తిరిగేవాడు. భుజం మీద మనిషెత్తు విల్లు. దానికి పేగుతో చేసిన తంతి. చేతిలో రెండు వైపులా బుర్రలున్న కర్ర గుండు. వీధి మొదట్లో నిలబడి తంతిని ఒకసారి మీటితే ‘టంయ్’మని మోగేది. ఆయన అరిచేవాడు కాదు. ఆ మోత విని ఆడవాళ్ళు పాత పరుపులు, దిండ్లు బయటకు తెచ్చేవాళ్ళు.
నాకు ఆరేళ్ళప్పుడు సెలవుల్లో ఆయన వెంట పోయాను. అరుగు మీద పరుపు విప్పితే దూది గడ్డలు గడ్డలుగా, చెమట వాసనతో, పసుపుపచ్చగా ఉండేది. విల్లును దూదికి తగిలీ తగలనట్టు పట్టుకొని గుండుతో తంతిని కొట్టేవాడు. టంయ్, టంయ్. తంతి అదురుకు గడ్డ విచ్చుకొని పైకి ఎగిరేది. ఎగిరింది ఎగిరినట్టే కాసేపు గాలిలో ఉండి దిగేది. పది నిమిషాలకు అరుగు మీద నడుమెత్తు తెల్లటి కుప్ప. తాత కనుబొమలు, గడ్డం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా. నేను నవ్వితే నోట్లోకి పోయేది. శారదగారి పాపకు పింజ అంటే చెప్పాలంటే నాకు అదే గుర్తొస్తుంది. గాలిలో ఉన్న ఆ కాసేపు.
ఆయనకు చివరిదాకా దగ్గు. అది వేరే సంగతి.
స్కూల్లో నన్ను ఆ మాటతో పిలిచారు. మాస్టరు కూడా ఒకసారి వేరే పిల్లవాణ్ణి తిట్టడానికి వాడి, నా వైపు చూసి, ఆగిపోయాడు. ఆ పిల్లవాడి కంటే నాకే ఎక్కువ తగిలింది. బరువు లేనివాడు అని అర్థం చెప్పి దాన్ని ఇంకా చక్కగా చేయొద్దన్నా. ఊరందరి పరుపులు మెత్తగా చేసినోడి పేరు ఊరికి తిట్టు ఎందుకైందో అది ఊరిని అడగాలి.

#19 కడపకారం
తప్పైంది అన్నా. నిజంగా తెలియక రాశాను. మా ఇంట్లో రోజుకు నాలుగుసార్లు వినపడే మాట, ఎప్పుడూ ఆలోచించలేదు. పోస్టు తీసేయనా?

#20 దూదేకులమనవడు
ఉండనీ. తీసేస్తే నాది ఎందుకు రాశానో అర్థం కాదు.

#21 తుంగభద్రమ్మ
బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడే. బ్రహ్మంగారి మఠం పోయినవాళ్ళంతా ముడుమాలలో సిద్దయ్య సమాధికి కూడా దండం పెట్టుకొని వస్తారు. అదే నోటితో ఇంటికొచ్చి పిల్లల్ని ఆ మాటతో తిడతారు. మా అమ్మ కూడా తిట్టేది, అబద్ధం ఎందుకు.

#22 గుత్తికోట_శారద
@దూదేకులమనవడు మా ఆయనకు మీ పోస్టు చూపించా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ‘సారీ చెప్పు’ అన్నాడు. మీరే రాయండి అన్నా, ఆయనకు ఇక్కడ అకౌంటు లేదు.

#23 పాతనిఘంటువు
‘ఏకు’ గురించి ఒక ముక్క. ఏకిన దూదిని పుల్ల మీద చుట్టి చేసే మెత్తటి చుట్ట ఏకు. రాట్నం మీద వడకడానికి దాన్నే వాడతారు. ‘ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు’ అనే సామెత దాని మీదే. దూది చుట్టలాగా మెత్తగా వచ్చి ఇనుప మేకులాగా దిగబడ్డాడని. మన అద్దెకున్నవాళ్ళ గురించి అందరం వాడతాం, ఏకు ఏమిటో చాలామందికి తెలియదు.
ఇక కడపకారం అడిగిన మూలం. కన్నడంలో పత్తిని వేళ్ళతో విడదీయడాన్ని ‘హింజు’ అంటారు. మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పత్తి హత్తి. ఆ లెక్కన హింజు ఒకప్పటి పింజు. హిందీలో పీంజ్‌నా అన్నా, మరాఠీలో పింజణే అన్నా దూది ఏకడమే. సంస్కృతంలో పింజనం అంటే దూది ఏకే విల్లు. పాత కావ్యాల్లో బాణం తోకకు కట్టే ఈకలను కూడా పింజ అంటారు. అక్కడా మెత్తటి కుచ్చే.

#24 గండికోట_గాలి
కాబట్టి మూలం సంస్కృతం.

#25 పెన్నాగట్టు
ఎట్లా ‘కాబట్టి’? పత్తి ఏకే పని చేసినోళ్ళు ముందా, దాని గురించి శ్లోకం రాసినోళ్ళు ముందా?

#26 గండికోట_గాలి
హిందీ, మరాఠీ, సంస్కృతం మూడింట్లో ఉంటే అక్కడి నుంచి వచ్చినట్టే.

#27 పెన్నాగట్టు
కన్నడం, తెలుగులో ఉంటే ఇక్కడి నుంచి పోయినట్టు కాదా? నల్లరేగడి ఎక్కడుందో మ్యాపు చూడు సారూ.

#28 మోడరేటర్
ఇది ఇట్లాగే 40 పోస్టులు పోతుందని నాకు అనుభవం. ఎవరిది ఎవరు తీసుకున్నారనేది వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ మబ్బు మాత్రమే.

#29 మూడోబెంచీ
మోడరేటరుకు మోడం పట్టింది.

#30 రాగిసంగటి
సరే, నేను ఓడిపోయినట్టేనా? పిందె పింజకు విలువ లేదా?

#31 పాతనిఘంటువు
ఓడిపోలేదు. అది వేరే పింజ. పిందెకు పింజె అనే రూపం ఉంది. తమిళంలో పింజు అంటే లేత కాయ. పలికేటప్పుడు రెండూ ఒకటైపోయాయి కానీ దూదిది వేరు, దోసకాయది వేరు. మబ్బుకు వచ్చింది దూది పింజ. ముందు ‘దూది’ అని పెట్టి మరీ చెబుతున్నాం కదా.

#32 సైన్సుమాస్టారు
భాష ప్రకారం మామగారు తప్పు కావచ్చు. సైన్సు ప్రకారం ఆయన చెప్పింది దాదాపు రైటు. అది రాయడానికే మళ్ళీ వచ్చాను.
ఎండకు నేల కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి బుడగలా పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది. ఒక ఎత్తుకు పోయాక అందులోని ఆవిరి సన్నటి నీటి బిందువులు అవుతుంది. అక్కడే మబ్బు మొదలు. అందుకే ఈసారి చూడండి, దూదిపింజ మబ్బులకు పైన గోపురంలా ఉన్నా అడుగు మాత్రం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది. ఆకాశంలో ఉన్న అన్నింటికీ అడుగు ఇంచుమించు ఒకే ఎత్తులో. గాలి ఎంత పొడిగా ఉంటే అడుగు అంత పైన. నేల దగ్గరి ఉష్ణోగ్రతకూ తుషార స్థానానికీ (గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 125 మీటర్లు. కోస్తాలో కంటే అనంతపురంలో మబ్బు ఎత్తుగా కనపడటానికి కారణం ఇదే.
ఒక కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న అలాంటి మబ్బులో 500 టన్నుల దాకా నీళ్ళుంటాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 100. కానీ ఒక్కో బిందువు మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతులు. పడాలన్నా పడలేవు, కింది నుంచి వచ్చే గాలే మోస్తుంది. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక వాన చినుకు. కలవాలంటే మబ్బు పైకి పెరగాలి. తేమ, వేడి అందితే ఆ చిన్న కుప్పే సాయంత్రానికి 12 కిలోమీటర్లు, ఇంకా పైకి పెరిగి ఉరుముల మబ్బు అవుతుంది. అందకపోతే పొద్దుగూకే సరికి కరిగిపోతుంది.
అంటే ఆ మబ్బు పిందే. కొన్ని కాయ అవుతాయి, చాలావరకు రాలిపోతాయి.

#33 రాగిసంగటి
మాస్టారూ మీ పాదాలు ఎక్కడ.

#34 బుడ్డలచేను
@సైన్సుమాస్టారు 100 ట్యాంకర్లు నెత్తి మీదుగా పోతున్నాయని చెప్పి మంట ఇంకా పెంచారు. ఎండాకాలం మేం ఒక ట్యాంకరు కోసం ఫోన్లు చేసి చేసి పడిగాపులు పడతాం.
2004 ప్రాంతంలో మబ్బుల నుంచి వాన కురిపిస్తామని, మేఘమథనం అని విమానాలు తిప్పారు, గుర్తుందా? సిల్వర్ అయోడైడ్ చల్లుతున్నారని పేపర్లో వచ్చేది. విమానం మోత వినపడితే పిల్లలంతా మిద్దెలెక్కేవాళ్ళం. మా ఊరిలో ఒక ముసలాయన ‘మథనం అంటే చిలకడం కదా, ముందు పెరుగు ఉండాల గదా నాయనా’ అన్నాడు.

#35 తుంగభద్రమ్మ
ఆ ముసలాయనకు పీహెచ్‌డీ ఇవ్వాల.

#36 కడపకారం
జర్మన్ వాళ్ళు ఇలాంటి చిన్న తెల్ల మబ్బుల గుంపును ‘గొర్రెపిల్లల మబ్బులు’ అంటారట. మా చెల్లెలు అక్కడ చదువుతోంది, ఇప్పుడే అడిగా. షేఫ్‌షెన్‌వోల్కెన్ అని వాయిస్ పెట్టింది. నాలుగుసార్లు విని రాశాను. మన దగ్గర ఇన్ని గొర్రెల మందలుండి కూడా ఆ పోలిక మనకు రాలేదే?

#37 పెన్నాగట్టు
వాళ్ళ గొర్రెలు తెల్లగా ఉంటాయి. మన గొర్రె ఎర్రగానో నల్లగానో ఉంటే ఎట్లా వస్తుంది. నల్ల గొర్రెల మంద లాంటి మబ్బు వస్తే మా నాయన పేరు పెట్టడు, పలుగు తీసుకొని చేనికి పోతాడు.

#38 గుత్తికోట_శారద
అప్‌డేట్. పాప నిద్రపోయే ముందు మళ్ళీ మార్చి రాసుకుంది. నేను చెప్పిన వాక్యం కొట్టేసింది. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా: ‘ఆకాశంలో దూది ఏకే తాత ఉన్నాడు. ఆయన కొట్టినప్పుడు పింజలు లేస్తాయి. మా జేజినాయన అవి పిందెలు అంటాడు. అవి కాయలు అయితే వాన పడుతుంది.’ నాలుగు వాక్యాలు అయ్యాయి, ఇంకా ఆరు రాయాలి. పొద్దున లేచి రాస్తా అని పడుకుంది.
మామకు చదివితే ‘నా పేరు రాసిందా’ అని అడిగాడు. జేజినాయన అని రాసింది అన్నా. సరే అన్నాడు.

#39 దూదేకులమనవడు
ఆకాశంలో తాత అని రాసిందా. ఇది స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మకు పంపాను.

#40 ఆదోని_పత్తి
@దూదేకులమనవడు అన్నా, వేరే సంగతి. మా అమ్మ పెళ్ళినాటి పరుపు ఒకటి ఉంది, రాయిలాగా అయిపోయింది. ఫోం పరుపు తెచ్చిపెడితే నడుం నొప్పి అని దాని మీద పడుకోదు. ఏకేవాళ్ళు ఇప్పుడు ఎవరన్నా ఉన్నారా? మెషిన్ కాదు, విల్లుతో.

#41 దూదేకులమనవడు
విల్లుతో కష్టం. మా మేనమామ దగ్గర విల్లు ఉంది, తంతి తెగిపోయి చాలా ఏళ్ళయింది. మెషిన్ అయితే మా బంధువు ఒకాయన నంద్యాలలో వేస్తాడు. కొత్త దూది ఎంతో కొంత కలపాల్సి వస్తుంది, పాతది సగం పొడి అయిపోయుంటుంది. కలిపేది ఏ దూదో ముందే అడుగు, నాసిరకం కలిపితే ఏడాదికే మళ్ళీ గడ్డ కడుతుంది. మెసేజ్ పెట్టు, నంబరు ఇస్తా.

#42 ఆదోని_పత్తి
దూది నేనే తెస్తాలే. పొడవు పింజ.